ఝొడ్‌దాదా మెడలో మఫ్లరు

ఆయన పోయేడన్న కబురు నాకు ఖరిదా బజార్లో వంకాయలు ఏరుకుంటుంటే తెలిసింది. కూరలమ్మే బంగాళీ అతను తక్కెడ దించకుండానే, "మీ ఝొడ్‌దాదా చోలే గేలేన్, విన్నారా?" అన్నాడు. ఝొడ్ అంటే వాళ్ళ భాషలో తుఫాను. పదేళ్ళు పైబడి ఈ బజారంతా ఆయన్ని ఆ పేరుతోనే పిలిచింది.

"ఇంక తుఫాను సంగతి మాకెవరు చెబుతారు దాదా?" అన్నాడు కూరలతను, నిజంగానే దిగులుగా.

"తుఫానే వచ్చి చెబుతుందిలే" అన్నాను.

అతను పకపకా నవ్వి నా సంచిలో ఒక కట్ట కొత్తిమీర ఉత్తినే పడేసేడు. ఆరో క్లాసు దగ్గర బడికి సెలవు పెట్టిన మనిషిని, ఇప్పటికీ ఆ సెలవు మీదే ఉన్నాను. నా తెలివికి జీవితంలో దొరికిన జీతం ఇలాంటి కొసరు కొత్తిమీరే. సంచి పట్టుకుని ఇంటికొచ్చేశాను. ఆయన ఇల్లున్న ఝపటాపూర్ వైపు నా కాళ్ళు తిరగలేదు.

పేరు రాయను. కొడుకులున్నారు, కోడళ్ళున్నారు, వాళ్ళకి నా మీద మంచి అభిప్రాయం ఉంది. నేను మాత్రం ఆయన్ని మావయ్యా అనేవాణ్ణి. చుట్టరికం ఏమీ లేదు. ఇచ్ఛాపురానికవతల సముద్రం ఒడ్డున ఒకే ఊరు మాది. ఆ ఊళ్ళో ఆయన చేనుకీ మా చేనుకీ మధ్య ఒక్క గట్టు. ఖరగ్‌పూర్‌లో అంతకంటే దగ్గర చుట్టరికం ఎవరికుంటుంది?

మనిషి సన్నం, పొడుగు. బజారు మధ్యలో నడుస్తూ నడుస్తూ ఠక్కున ఆగిపోయేవాడు. చిటికెన వేలు నోట్లో పెట్టి తడి చేసి పైకెత్తేవాడు. వెనకొచ్చే రిక్షావాడు బ్రేకు వెయ్యాలి, సైకిలువాడు దిగాలి. అచ్చం సిగ్నల్ చెయ్యి పడకపోతే రైలాగినట్టు. ఆ వేలు దిగేదాకా ఎవరూ కదలరు. దించి ఏమీ చెప్పడు, నడిచి వెళ్ళిపోతాడు. "ఏటి మావయ్యా, లైన్ క్లియరేనా?" అని నేనరిస్తే, వెనక్కి తిరక్కుండా చెయ్యి మాత్రం ఊపేవాడు.

కానీ ఆయన అసలు సిగ్నల్ వేలు కాదు, మఫ్లరు. దసరా వెళ్ళి దీపావళి వచ్చే లోపల ఒక పొద్దున్న ఆయన మెడలోకి ఇటుకరంగు ఉన్ని మఫ్లరు వచ్చేది. రెండు చుట్లు, గడ్డం కింద ఒక ముడి. అంటే చలి వచ్చినట్టు. శివరాత్రి దాకా అది మెడ దిగదు, ఒక్క కారణానికి తప్ప. సముద్రంలో ఏదైనా లేచిందంటే ఇక్కడ చలి సడలిపోతుంది. గాలి ఆగుతుంది, ఒళ్ళంతా జిడ్డు పడుతుంది. అప్పుడు మఫ్లరు వదులయ్యేది. ఒక చుట్టు ఊడితే మబ్బు. రెండూ ఊడి భుజం మీద కండువాలా వేలాడిందంటే మా క్వార్టర్ల లైన్లో ఆడవాళ్ళు వడియాల మంచాలు లోపలికి లాక్కునేవాళ్ళు. ఆయన నోరు విప్పక్కర్లేదు. మెడ కనిపిస్తే చాలు.

నోరు విప్పితే మాత్రం అంతా రైలు భాషే. "అండమాన్ల ఇంజను తగిలించినారు" అంటే వాయుగుండం పుట్టిందని. "ఔటర్ల నిలబడున్నాది" అంటే కదలడం లేదని. "గోపాల్‌పూర్ల హాల్టు లేదు, థ్రూ" అంటే మన ఊరి వైపే వస్తోందని. పక్కింటి రేడియోలో కోస్తా జిల్లాల్లో అక్కడక్కడ వర్షాలు పడవచ్చునని చెప్పేవాళ్ళు. ఆయనకి ఒళ్ళు మండిపోయేది.

"అక్కడక్కడ అంటే ఎక్కడరా? మీ అన్న సేను అక్కడా, అక్కడా? ఇలగ సెప్పడానికి రేడియో ఎందుకేటి, మా ఆవిడ సెప్పదా?"

"మీ ఆవిడ చెబితే అన్ని చోట్లా పడుతుంది కదా మావయ్యా" అన్నాను ఓసారి. ఆయన నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుని, "నువ్వు సదువుకోనేదు గాబట్టి బతికిపోనావురా అల్లుడూ. సదువుకునుంటే నీ నోరు పాడైపోను" అన్నాడు. నా చదువు గురించి అంత గౌరవంగా మాట్లాడిన మనిషి ఇంకొకడు లేడు. అందుకే చెబుతున్నాను, ఆయనంటే నాకిష్టం. ఉండేది.

ఆయన విద్యలో సగం బోగస్ అని నాకు తెలుసు. ఆయన రైల్వే కంట్రోల్ ఆఫీసులో గుమాస్తా. కోస్తా లైను స్టేషన్లకి గాలివాన హెచ్చరికలు పంపితే ఆ తంతి ఆయన బల్ల మీంచే పోవాలి. పొద్దున్న ఆ కాగితం చదువుతాడు, సాయంత్రం బజార్లో వేలెత్తుతాడు. నేను మొహం మీదే అడిగేను.

"మావయ్యా, ఆ వేలు నోట్లో పెట్టుకుంటావా, టెలిగ్రాములో ముంచుతావా?"

"ఎదవా, మెల్లగ మాటాడు" అని నన్ను పక్కకి లాగేడు. "తీగ మీద ఒచ్చేది ఏటి? తుఫానుంది, జాగర్త. అంతే. యే ఊరు మీద పడతాది, ఎప్పుడు పడతాది, అది ఎవుడు సెప్తాడు? నాను సెప్పాల."

అదీ నిజమే. మిగతా సగం విద్య ఆయనదే. లోకోషెడ్ పొగ చూసేవాడు. ఉత్తరపు గాలి ఉన్నన్నాళ్ళూ ఆ మసి సుభాష్‌పల్లి వైపు పోయేది, మా బట్టలు తెల్లగా ఆరేవి. గాలి తూర్పుకి తిరిగిందంటే మసంతా మా క్వార్టర్ల మీద. మా లైన్లో తీగల మీద తెల్ల పంచె నల్లచుక్కల పంచె అయితే ఆయనకి కబురందినట్టే. తంతినీ మసినీ కలిపి, కొంచెం ఉప్పూ కారం జల్లి, ఓ మాట చెప్పేవాడు. చాలాసార్లు తగిలేది.

తగలనప్పుడు ఇంకా బాగుండేది. ఓ కార్తీకంలో మా తెలుగువాళ్ళందరం కాసాయి నది ఒడ్డున వనభోజనాలు పెట్టుకున్నాం. పులిహోర కలిపేశారు, లారీ మాట్లాడేశారు. తెల్లారగట్ల చూస్తే ఈయన మఫ్లరు భుజం మీద. అయిపోయింది. ఆడవాళ్ళు లారీ దిగిపోయారు. వనభోజనాలు ఎవరి వరండాలో వాళ్ళు చేసుకున్నాం, వనం బదులు ఒక్కొక్కరికీ ఒక్కో తులసికోట. పొద్దుటినుంచి సాయంత్రం దాకా కళ్ళు బైర్లు కమ్మే ఎండ. నేను గొడుగేసుకుని ఆయన ఇంటికి వెళ్ళేను.

"మావయ్యా, వాన జోరుగా ఉంది. తడిసిపోయాను."

"డైవర్షన్" అన్నాడు, విస్తట్లోంచి తల ఎత్తకుండా. "సందబాలీ దగ్గిర లైను మార్సినారు. కూకో, పులిహోర తిను."

కూర్చుని తిన్నాను. ఎవరికీ కోపం రాలేదు. వాన తప్పు చెప్పినవాడి మీద మనకి కోపం ఎందుకొస్తుంది? ఆయనా మనతోపాటే ఎండలో కూర్చున్నాడు కదా.

ఈ సరదా అంతా వంటింటికీ పెరటికీ సంబంధించింది. అసలు విషయం వేరే ఉంది. వర్క్‌షాపులో సుత్తి పట్టుకున్న మాలో చాలామందికి సముద్రం ఒడ్డున ఊళ్ళో ఇంత పొలం చెక్క ఉండేది. అన్నదమ్ములో బావమరుదులో చేసేవాళ్ళు. మా చేను మా అన్నయ్య చేసేవాడు. ఆ ధాన్యమే అక్కడ వాళ్ళకీ, ఇక్కడ మాకూ ఏడాది తిండి. మార్గశిరంలో కోతలు. సరిగ్గా తుఫాన్లకీ అప్పుడే తీరిక. కోసిన వరిని పనలుగా చేల్లో పరిచి ఆరబెట్టి, అప్పుడు కట్టలు కట్టి కుప్పెయ్యాలి. కుప్ప మీద ఎంత వాన పడ్డా పైన కట్టలే తడుస్తాయి. పనల మీద పడిందా, నాలుగు రోజులకి ప్రతి గింజా మొలకెత్తి ఊరుకుంటుంది.

అందుకని మాకో ఆచారం ఏర్పడింది. ఎవడికైనా చెబితే నవ్వుతాడు. సముద్రం పక్కన, ఆకాశం కింద, చేల్లో నిలబడ్డవాడు ఖరగ్‌పూర్‌కి కబురు పెడతాడు, "కొయ్యనా, ఆగనా?" అని. ఇక్కడ మేం మావయ్య మెడ చూసి తిరుగు కబురు పెడతాం. ప్యాసింజరు గార్డు నోట పంపితే ఖుర్దారోడ్‌లో ఇంకో గార్డుకి అప్పజెబుతాడు. గార్డు మారతాడు, కబురు మారదు. మా ఊరి స్టేషన్లో పాయింట్స్‌మన్‌కి అందుతుంది, అతను సైకిలు మీద వెళ్ళి అన్నయ్యకి చెబుతాడు. తన నెత్తి మీద మబ్బుని అన్నయ్య నమ్మడు. బెంగాల్లో ఓ గుమాస్తా మెడలో ఉన్న మఫ్లరుని నమ్ముతాడు. ఒక ఏడు ఆయన మాట మీద పచ్చిగా ఉండగానే కోసి కుప్పేసి పంట దక్కించుకున్నాడు మరి. ఆనాటినుంచి అన్నయ్యకి ఖరగ్‌పూర్ వైపు తిరిగి దండం పెట్టడం ఒక్కటే తక్కువ.

తరవాత ఒక ఏడు కూడా అలాగే కబురొచ్చింది. "కోతమంది దొరికినారు. రేపే దిగమంటే దిగుతారు. ఏటి సెయ్యమంటాడో మావయ్యనడుగు."

డ్యూటీ దిగి, చేతుల నూనె తుడుచుకుంటూ ఆయనింటికి వెళ్ళేను. వరండాలో పడక్కుర్చీలో ఉన్నాడు. మఫ్లరు మెడలో బిగించి ఉంది. రెండు చుట్లూ, ముడీ, గడ్డం దాకా. నేను చెప్పిందంతా విని, వేలెత్తలేదు, పొగ వైపు చూడలేదు.

"తొందరేటి?" అన్నాడు. "గింజ ఇంకా పాల మీద ఉంటాది. పండనీ. ఇంత మంచి పొద్దు మళ్ళీ దొరకదు. ఆగమను. కోసినాకా బాగా ఆరబెట్టుకోమను."

"సముద్రంలో ఏమీ లేదుగా?"

"ఖాళీ. ప్లాట్‌ఫారం మీద కుక్క కూడా లేదు."

నవ్వుకుంటూ వచ్చేశాను. గార్డుకి కబురు చెప్పేశాను. ఇంటికొచ్చేసరికి మా ఆవిడ తీగ మీద పంచె దులుపుతోంది.

"చూడండీ, మసి. పొద్దుటినుంచీ ఇలాగే పడుతోంది. ఇంత ఉక్కగా ఉంటే మావయ్యగారికి ఇంకా చలేటి? బజార్లో కనిపించేరు. మఫ్లరు కింద మెడంతా చెమట."

"పెద్దవాళ్ళకి చలెక్కువే" అన్నాను.

మసి నా పంచె మీదే ఉంది. చెమట ఆయన మెడ మీద నేనూ చూశాను. రెండూ చూసి, ఆయన మాట నమ్మేను. ఏ సంగతైనా చూసి చెప్పేవాడొకడున్నాక మనం చూడ్డం మానేస్తాం.

అది వచ్చి పడింది. పేపర్లో ఎలా రాశారో నాకు తెలీదు. తీగలు తెగిపోయి, లైను కొట్టుకుపోయి, రైళ్ళు మళ్ళీ నడిచేదాకా కబురే లేదు. సెలవు పెట్టి, పాసు తీసుకుని, పడి లేస్తూ ఊరు చేరేను.

మా చేలో కోసి పరిచిన వరి అంతా నీళ్ళలో తేలి ఒక గట్టు వారకి చేరింది. చెయ్యి పెట్టి ఒక పన ఎత్తేను. కంకుల నిండా పచ్చటి మొలకలు. దూరం నించి చూస్తే ముచ్చటగా నారుమడిలా ఉంది. ఊరంతా అలాగే ఉంది. ఒక్క చోట తప్ప. గట్టుకవతల మెరక మీద తాటాకు కప్పి, మోకులతో బిగించి, పెద్ద కుప్ప ఒకటి నిలబడుంది. పైన తడి, లోపల పొడి. అది మావయ్య చేనుది. ఆయన బావమరిది చేసేవాడు.

అన్నయ్య గట్టు మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు.

"కోతమంది మా సేలోకి దిగుదామని ఒచ్చి గట్టు మీద నిలబడ్డారు" అన్నాడు. "నీ కబురొచ్చినాది, ఆగమని. వాళ్ళని పంపించేసినాను. వాళ్ళు అటే, ఆ సేలోకి దిగినారు. బేగి బేగి కోసి, ఆరబెట్టకుండా పచ్చికట్టలే కుప్పేసినారు. నాను ఇక్కడే, ఈ గట్టు మీదే నిలబడి నవ్వినానురా. బూజు పట్టిపోద్దిరా ఎర్రోడా అని ఆ బావమరిదికి కేకేసినాను. ఆడు తల దించుకున్నాడు గాని మాటాడనేదు. ఆళ్ళది అయినాక కోతమంది మన సేలోకొచ్చినారు. కోసి పరిసినాం. ఆరబెట్టుకోమన్నావు కదా."

చేతిలోని పనని గట్టు మీద పెట్టేను.

"నిన్న ఆ బావమరిది ఇంటికొచ్చి ఏడ్సినాడు. బావే కబురెట్టినాడంట, తుఫానొస్తాది, బేగి కోసి కుప్పెయ్యి అని. ఎవులికీ సెప్పొద్దన్నాడంట." అప్పుడు తలెత్తి నా మొహంలోకి చూశాడు. "నీకు సెప్పలేదేటి?"

"లేదన్నయ్యా."

"నిజమేనా?"

ఆ రెండో ప్రశ్న ఉందే, అది తుఫాను కంటే గట్టిగా తగిలింది. మా అన్నయ్య నన్నెప్పుడూ రెండుసార్లు అడగలేదు. చిన్నప్పుడు బెల్లం దొంగతనం చేసినప్పుడు కూడా ఒక్కసారే అడిగేడు. నిజమేనన్నాను, ఒట్టు పెట్టేను. తలూపేడు గాని, ఆ ఊపులో పూర్తిగా నమ్మకం లేదు.

"కోసేది నాను. సెప్పేది నువ్వు. ఇకమీద రెండూ నానే సేసుకుంటాను" అన్నాడు.

లోపల వదిన మొలకలొచ్చిన గింజల్ని పెనం మీద వేయించి తిరగలి పడుతోంది. ఆ పిండి జావలో తియ్యటి మట్టివాసన. పిల్లలు మొహం పక్కకి తిప్పుకుని తాగేరు.

తిరుగు రైల్లో దారి పొడుగునా నాకొక్కటే కనిపించింది, ఆ మెడ. తంతి చదివి, గాలి చూసి, అంతా తెలిసి, ఉక్కకి చెమటలు కారుతుంటే కూడా విప్పకుండా రోజంతా ఉన్నిగుడ్డ బిగించుకుని బజారంతా తిరిగేడు. మేం చూస్తామని ఆయనకి తెలుసు. నోటితో అబద్ధమాడ్డం పెద్ద పని కాదు, నేనూ రోజుకి డజను ఆడతాను. కానీ మా అందరి నమ్మకాన్నీ మెడకి చుట్టుకుని, దానిచేత అబద్ధమాడించేడు. ఆయన బోగస్ అంతా నాకు తెలుసనుకున్నాను. ఇది తెలీదు.

వర్క్‌షాపు గేటు బయట టీ బడ్డీ దగ్గర దొరికేడు. నలుగురైదుగురు ఉన్నారు, అందరూ మనవాళ్ళే. రైల్లో రాత్రంతా నూరుకున్న మాటలన్నీ నాలిక మీద ఉన్నాయి.

"మావయ్యా, మా చేను మొలకెత్తింది."

"తెలుసురా" అన్నాడు. గ్లాసు కింద పెట్టలేదు.

"మీ కుప్ప పొడిగా ఉంది."

"అదీ తెలుసు."

"నీకు ముందే తెలుసు. నన్నెందుకు ఆగమన్నావు?"

ఏ బుకాయింపో చేస్తాడనుకున్నాను. డైవర్షన్ అంటాడనుకున్నాను. నిమ్మళంగా, పిల్లాడికి లెక్క చెప్పినట్టు చెప్పేడు.

"ఊళ్ళో కోతకి కాళీగున్న జట్టు ఒక్కటేరా. అందరికీ ఒకేపాలి సెప్తే యే సేలో దిగుతారు? సగం నీది, సగం నాది కోసి, రెండూ మునుగుతాయి. ఎవుడిదో ఒకడిది దక్కాల కదా. నాది అవగానే నీకు సెప్దామనే ఉన్నాను. రెండ్రోజులుంటాదనుకున్నాను. ఏటి సెయ్యమంటావు, బిఫోర్ టైమ్ ఒచ్చీసినాది."

సిగ్గులేదు, కోపం లేదు. చెప్పింది లెక్క ప్రకారం తప్పూ కాదు. నేను నోరు తెరిచేను. అడగాల్సింది, మా అన్నయ్య నన్ను రెండోసారి ఎందుకడగాల్సి వచ్చింది మావయ్యా అని. వచ్చింది వేరే.

"మన రైల్వేలో ఏదైనా బిఫోర్ టైమ్ వస్తుందా మావయ్యా?"

బడ్డీ దగ్గర అందరూ గొల్లుమన్నారు. టీవాడు గరిటె వదిలేసి నవ్వేడు. మావయ్య అందరికంటే గట్టిగా నవ్వి, నా వీపు మీద చరిచి, "ఈడికో చా ఇయ్యి" అన్నాడు. అంతే. విచారణ అయిపోయింది, కేసు కొట్టేశారు. కొట్టేసింది ఎవరో కాదు, నా నోరే. ఆ టీ తాగేశాను కూడా. ఇప్పటికీ ఆ నవ్వు చెవిలో పడితే నా నోట్లో నేనే గుడ్డ కుక్కుకోవాలనిపిస్తుంది.

తరవాత ఏం మారిందంటే, ఏమీ మారలేదు. విషయం అందరికీ తెలిసింది. ఓ వారం తిట్టుకున్నారు. మళ్ళీ ఏడు దీపావళి వెళ్ళేసరికి అందరి చూపూ మళ్ళీ ఆ మెడ మీదే. చేలున్నవాళ్ళు మాత్రం ఇంకో తెలివి నేర్చేరు. మఫ్లరు కాదు, ఆయన బావమరిది ఎప్పుడు కోస్తున్నాడో కనుక్కునేవాళ్ళు. మా ఆవిడ వడియాలకి ఆయన్నే అడిగేది. "మన వడియాలకీ వాళ్ళ వడియాలకీ గట్టు తగాదా లేదుగా" అనేది. మా అన్నయ్య మాత్రం ఇంక కబురు పెట్టలేదు. తన కళ్ళతో తన మబ్బు చూసుకుని కోసుకుంటున్నాడు. ఒక ఏడు దక్కుతుంది, ఒక ఏడు పోతుంది. పోయినప్పుడు ఎవరినీ తిట్టుకోడు. ఊరు వెళితే అన్నం పెడతాడు, పిల్లల గురించి అడుగుతాడు. వాన గురించి నాతో మాట్లాడడు. ఆకాశం వైపు చూస్తుంటే నేను పక్కకొచ్చి నిలబడితే, లోపలికి వెళ్ళిపోతాడు.

ఈ మార్గశిరంలో మావయ్య రైల్వే ఆసుపత్రిలో పడ్డాడు. ఊపిరితిత్తులు. చూసిరమ్మని మా ఆవిడ పోరు పెడితే వెళ్ళేను. మంచం గోడవారకి వేశారు, కిటికీలన్నీ వార్డుకి అవతలి చివర. పెద్దకోడలు స్టూలు మీద కూర్చుని నారింజ ఒలుస్తోంది. మనిషి సగమైపోయేడు. మెడ మీద ఏమీ లేదు. నన్ను చూడగానే మోచేతి మీద లేవబోయేడు.

"అల్లుడూ, గాలి ఎటుదిరా?"

నాకు మొదట అర్థం కాలేదు.

"ఊళ్ళో కోతలు పడ్డాయి. కోసి పరిసీసినారంట, బామ్మర్ది కబురెట్టినాడు. నాకిక్కడ ఏటీ తెలడం లేదు. ఈ ఫినాయిలు కంపు తప్ప ముక్కుకి ఏటీ తగల్దు. ఈళ్ళనడిగితే అన్నీ బాగున్నాయంటారు. ఈళ్ళకేటి తెలుసు. నువ్వు బైటినుంచి ఒచ్చినావు కదా, సైకిలు మీద ఒచ్చినావు కదా. మొహానికి తగిలినాదా, వీపుకి తగిలినాదా? సెప్పు."

కళ్ళలో భయం ఉంది. కొత్తదేం కాదు, గట్టు మీద గొంతుక్కూర్చున్న మనిషి కళ్ళలో నేను చూసిందే.

"చెబుతాను మావయ్యా" అన్నాను. "మా కోతలవనీ."

కోడలు ఫక్కున నవ్వింది. "అన్నయ్యగారెప్పుడూ ఇంతే, ఆసుపత్రిలో కూడానా!" అంది. పక్క మంచం మీద బంగాళీ ముసలాయన, భాష తెలీకపోయినా ఆవిడ నవ్విందని తనూ నవ్వేడు. వార్డు ఆ మూలంతా కాస్త తేలికపడింది.

ఆయన నవ్వలేదు. నా మొహంలోకి చూశాడు. ఆకాశంలోకి చూసేవాడే, అలాగ. చెప్పనివాడంటే తెలిసినవాడని ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు?

"అంటే," అన్నాడు మెల్లగా, "తూర్పుగాలేనా?"

నేను మాట్లాడలేదు. కోడలు నారింజ తొన ఆయన నోటికందిస్తే పెదవులు బిగించి గోడవైపు తిరిగిపోయేడు.

ఆసుపత్రి గేటు బయటికొచ్చి నిలబడ్డాను. పడమటి గాలి. పొడిగా, నిలకడగా వీస్తోంది. ఆకాశంలో ఎక్కడా మచ్చ లేదు, పరిచిన పనలకి అంతకంటే మంచి ఎండ ఉండదు. వెనక్కి వెళ్ళి ఒక్క మాట చెప్పి రావచ్చు. మా ఊళ్ళో మా కోతలింకా కాలేదు. సైకిలెక్కేను.